పాత స్విఫ్ట్ కొంటే అసలు ఖర్చు ఎంత?

(విజయవాడలో ఒక ఉద్యోగుల కాలనీ గ్రంథాలయంలో ఆదివారం ఉదయం చేసిన ప్రసంగానికి అక్షర రూపం. వక్త ఆటోనగర్‌లో కార్ల మరమ్మతు షెడ్డు నడుపుతున్నారు.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక మాట. బయట వేపచెట్టు కింద తెల్ల స్విఫ్ట్ ఒకటి ఉంది, వచ్చేటప్పుడు చూసే ఉంటారు. నిన్న సాయంత్రమే తెచ్చి అక్కడ పెట్టాను. తాళం నా జేబులో ఉంది. రాత్రి నుంచి ఇప్పటివరకు దాన్ని ఎవరూ స్టార్ట్ చేయలేదు, చేయనివ్వలేదు. ఇక్కడి మాటలు అయిపోయాక మనమంతా దాని దగ్గరికి వెళదాం.

నేను షెడ్డు పెట్టి ముప్పై ఏళ్లు దాటింది. ఈ ముప్పై ఏళ్లలో నాకు బాగా బాధ కలిగించే సందర్భం ఒకటుంది. ఎవరో తెలిసినవాళ్లు కొత్తగా కొన్న పాత కారులో షెడ్డుకు వస్తారు. అద్దానికి నిమ్మకాయలు, బోనెట్ మీద కుంకుమ బొట్టు, చేతిలో స్వీటు డబ్బా. భార్యాబిడ్డలు వెనక సీట్లో కూర్చుని నవ్వుతుంటారు. "అన్నా, బండి కొన్నాం, ఒకసారి చూసి చెప్పు" అంటారు. నేను బోనెట్ ఎత్తుతాను. ఎత్తిన రెండు నిమిషాలకే నాకు సంగతి అర్థమవుతుంది. ఆ పిల్లల ముఖాలు చూసి ఆ సంగతి ఎలా చెప్పాలో తోచదు. డబ్బు చేతులు మారిపోయింది. కాగితాల మీద సంతకాలు అయిపోయాయి. అదే మనిషి మూడు రోజుల ముందు ఒక్క ఫోను చేసి ఉంటే, గంటసేపు నేనే వెంట వెళ్లేవాడిని. ఈ రోజు ఇక్కడికి రావడానికి ఒప్పుకున్నది ఆ మూడు రోజుల ముందు మాట చెప్పడానికే.

పాత కార్లన్నిటి గురించి చెబితే పొద్దు పోతుంది కాని ఏదీ తేలదు. అందుకే ఒక్క బండిని తీసుకుంటాను. రెండో తరం మారుతి స్విఫ్ట్. 2011 ఆగస్టులో వచ్చింది, 2018 ఫిబ్రవరిలో మూడో తరం వచ్చేవరకు నడిచింది. మన రెండు రాష్ట్రాల్లో పాత కార్ల బజారుకు వెళితే ఇది కనబడని చోటు ఉండదు. పెట్రోలు బండిలో 1197 సీసీ ఇంజను, డీజిల్ బండిలో 1248 సీసీ ఇంజను. విడిభాగాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, పని తెలిసిన మెకానిక్కు మండల కేంద్రంలో కూడా ఉంటాడు. మంచి బండి. నేను చెప్పే లోపాల్లో చాలావరకు తయారీలో వచ్చినవి కావు. పదేళ్ల వాడకంలో అరిగినవి, లేదా పాత యజమాని పట్టించుకోక పాడైనవి. ఆల్టో కొన్నా, వ్యాగన్‌ఆర్ కొన్నా, ఐ10 కొన్నా ఇంచుమించు ఇదే వరుస, అంకెలు మాత్రం కొంచెం మారతాయి.

ముందు ఒక బిల్లు చదువుతాను. ఈ మధ్య ఒక ప్రైవేటు ఉద్యోగి 2015 పెట్రోలు స్విఫ్ట్ కొన్నారు. మీటరు 80 వేల కిలోమీటర్లు చూపిస్తోంది, లెక్క నిజమే. ఆయన జాగ్రత్తపరుడు, కొనే ముందే చూపించారు, మంచి బండే దొరికింది. అయినా తొలి ఆరు నెలల్లో పెట్టిన ఖర్చు వినండి. క్లచ్ సెట్టు, కూలితో కలిపి 7,500. ముందు చక్రాలను పట్టి ఉంచే లోయర్ ఆర్ములు, లింక్ రాడ్లు 5,800. టైర్లు నాలుగు, ఒక్కొక్కటి 4,400 చొప్పున 17,600. బ్యాటరీ 4,200. ఆయిలు, ఫిల్టర్లు, ఇంజనును చల్లబరిచే కూలెంటు, బ్రేక్ ఆయిలుతో పూర్తి సర్వీసు 4,300. ముందు బ్రేక్ ప్యాడ్లు 1,600. అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు 900. కూడితే 41,900. నలభై రెండు వేలకు వంద రూపాయలు తక్కువ.

ఇది మంచి బండి బిల్లు. ఇందులో మోసం లేదు, ప్రమాదం లేదు, ఇంజను పని లేదు. పదేళ్ల బండిలో సహజంగా మార్చాల్సినవి మార్చారు, అంతే. అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్లకు మొదట ఇదే చెబుతాను. మీ చేతిలో మూడున్నర లక్షలు ఉంటే మూడు లక్షల బండి చూడండి. మిగిలిన యాభై వేలు కూడా ఆ బండి ధరలో భాగమే. అమ్మేవాడికి ఇచ్చేది ఒక వాయిదా, షెడ్డులో ఇచ్చేది రెండో వాయిదా. ఈ రెండో వాయిదా లెక్క వేసుకోకుండా ఉన్నదంతా ఊడ్చి కొన్నవాళ్లే తర్వాత అరిగిన టైర్లతో, పట్టని బ్రేకులతో హైవే ఎక్కుతున్నారు. నేను చెప్పే అంకెలన్నీ మా షెడ్డులో ఈ మధ్య అవుతున్నవి. కంపెనీ సర్వీసు సెంటరులో ఎక్కువ అవుతుంది, ఊరిని బట్టి, విడిభాగం రకాన్ని బట్టి కూడా మారుతుంది.

ఇక ఇంజను సంగతి. బండి చూడటానికి వెళ్లేటప్పుడు ముందే ఫోను చేసి, "మేము వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పండి. వెళ్లగానే పలకరింపుల కంటే ముందు బోనెట్ మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే అమ్మేవాడు అప్పటికే ఇంజను వేడి చేసి పెట్టాడన్నమాట. ప్రతిసారీ అది మోసమే అనను. కాని వేడి ఇంజను చాలా సంగతులు దాచేస్తుంది. రాత్రంతా నిలబడిన ఇంజనులో ఆయిలంతా కిందికి దిగి ఉంటుంది. తాళం తిప్పగానే ఆయిలు పైకి ఎక్కేవరకు రెండు మూడు సెకన్లు పడుతుంది. ఇంజను ఒంట్లో ఉన్న జబ్బంతా ఆ రెండు మూడు సెకన్లలోనే బయటపడుతుంది.

స్విఫ్ట్ పెట్రోలులోనూ డీజిల్‌లోనూ వాల్వులను సమయానికి కదిలించే టైమింగ్ బెల్టు ఉండదు, దాని బదులు చైన్ ఉంటుంది. చైన్ కాబట్టి జీవితకాలం మార్చనవసరం లేదని బజారులో అంటుంటారు. ఆయిలు సమయానికి మార్చిన బండికి ఆ మాట చాలావరకు చెల్లుతుంది. ఆ చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిలు ఒత్తిడితోనే పనిచేస్తుంది. పది వేల కిలోమీటర్లకు మార్చాల్సిన ఆయిలును ఇరవై అయిదు వేల కిలోమీటర్లకు మారిస్తే అది నల్లగా చిక్కబడి తారులా అవుతుంది. టెన్షనర్ సరిగా తొయ్యదు, చైన్ సాగుతుంది. అప్పుడు చల్లటి ఇంజను వేయగానే డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు గలగలమంటుంది. సెకనులో ఆగిపోతే కొంత నయం. ఆగకుండా మోగుతుంటే చైన్ సెట్టు మార్చక తప్పదు. పెట్రోలు బండికి 9 నుంచి 12 వేలు, డీజిల్‌కు 11 నుంచి 16 వేలు అవుతుంది. మార్చకుండా నడిపితే చైన్ పళ్లు దాటుతుంది లేదా తెగుతుంది, వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. అప్పుడు పదుల వేలల్లో పడుతుంది.

స్టార్ట్ చేసేటప్పుడు ఒక మనిషి బండి వెనక నిలబడాలి. పొగ రంగు చూడాలి. నీలంగా వస్తే ఆయిలు కాలుతోంది. డీజిల్‌లో నల్లగా వస్తే ఇంధనం సరిగా కాలడం లేదు. చలికాలం పొద్దున తెల్లటి ఆవిరి వచ్చి పోతే అది సహజం, భయపడకండి. ఇంజను వేడెక్కిన తర్వాత కూడా తెల్లటి పొగ ఆగకుండా వస్తూ, కొంచెం తియ్యటి వాసన వేస్తే మాత్రం కూలెంటు లోపలికి దిగి కాలుతోందని అర్థం. ఆ బండిని అక్కడే వదిలేసి ఇంటికి రండి.

కూలెంటు పేరు వచ్చింది కాబట్టి దీని మీద కొంచెం నిలబడతాను. మన వేసవిలో ఎక్కువ ఇంజన్లు పోయేది దీని వల్లే. ప్లాస్టిక్ ట్యాంకు మూత దగ్గర చూడండి. కూలెంటు పచ్చగానో నీలంగానో తేటగా ఉండాలి. తుప్పు నీళ్లలా గోధుమ రంగులో ఉంటే ఎవరో ఏళ్ల తరబడి కుళాయి నీళ్లు పోస్తున్నారు. లీటరు కూలెంటు మూడు నాలుగు వందలు. ఆ మూడు వందలు మిగుల్చుకోవడానికి బోరు నీళ్లు పోస్తే, ఆ ఉప్పు నీళ్లకు రేడియేటర్ గొట్టాలు పూడుకుపోతాయి, వాటర్ పంపు సీలు పోతుంది, థర్మోస్టాట్ బిగుసుకుంటుంది. ఒక మే నెల మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడినప్పుడు వేడి హద్దు దాటుతుంది. ఇంజను మీద మూతలా ఉండే హెడ్డు అల్యూమినియంది. అది ఒక్కసారి మితిమీరి వేడెక్కితే వంగుతుంది. హెడ్డు విప్పి, లేత్‌కు పంపి, ఫేసింగు చేయించి, నీళ్లు, ఆయిలు కలవకుండా అడ్డుండే గాస్కెట్ పొర కొత్తది వేసి బిగించేసరికి 10 నుంచి 15 వేలు. అదీ సమయానికి బండి ఆపితేనే. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా, ఇంటికి చేర్చేద్దాం" అని నడిపితే ఇంజను మొత్తం విప్పాల్సి వస్తుంది. కొన్ని చిన్న కార్లలో వేడి చూపించే ముల్లు కూడా ఉండదు, ఎర్ర దీపం మాత్రమే వెలుగుతుంది. ఆ ఎర్ర దీపం వెలిగిందంటే ఎక్కడ ఉంటే అక్కడే పక్కకు తీసి ఇంజను ఆపండి. దయచేసి ఆపండి. వేడి మీద మూత మాత్రం తియ్యకండి, ఒళ్లు కాలుతుంది.

ఆయిలు పోసే మూత విప్పి లోపలివైపు చూడండి. మజ్జిగలాంటి తెల్లటి నురగ అంటి ఉంటే నీళ్లు, ఆయిలు కలిశాయన్నమాట. దాని అర్థం ఇప్పుడు మీకు తెలుసు.

క్లచ్ పరీక్షకు మనకు కనకదుర్గ ఫ్లైఓవర్ ఉంది. ఎక్కేటప్పుడు నాలుగో గేరులో ఉంచి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంజను అరుపు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అరిగిపోయింది. ఖర్చు పెట్రోలుకు 7 వేల పైన, డీజిల్‌కు 9 నుంచి 13 వేలు. ఇది అరిగే సామానే, బండి వదులుకోవాల్సినంత లోపం కాదు. ధరలో తగ్గించమని అడగండి. బేరానికి ఇంతకంటే న్యాయమైన కారణం ఉండదు.

స్పీడ్ బ్రేకర్ మీద నెమ్మదిగా ఎక్కించి దించినప్పుడు ముందు చక్రాల దగ్గర టకటకమంటే ఎక్కువసార్లు లింక్ రాడ్లు, లోయర్ ఆర్ము బుష్‌లు. స్విఫ్ట్‌లో ఇది అందరికీ ఎదురయ్యేదే. స్టీరింగు తిప్పుతుంటే చేతికి చిన్న కటుక్కుమన్న దెబ్బ తగిలితే స్టీరింగు కింది జాయింటు చూడాలి. షాక్ అబ్సార్బర్ల మీద ఆయిలు కారిన చార ఉందేమో చూడండి. ముందువి ఒక్కొక్కటి 2,000 నుంచి 2,800. మార్చితే జంటగా మార్చండి, ఒక్కటే మార్చవద్దు.

ఏసీని పొద్దున్నే చూసి మురిసిపోకండి. పొద్దున ఏడింటికి ప్రతి ఏసీ చల్లగానే ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి, బండి నిలిపి ఉంచి పది నిమిషాలు వేసి చూడండి. "గ్యాస్ కొంచెం తగ్గిందండీ, పదిహేను వందలు పెడితే చాలు" అని అమ్మేవాళ్లు చెబుతారు. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యే వస్తువు కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. ముందున్న కండెన్సర్‌లో కారితే అయిదారు వేలతో పోతుంది. డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌లో కారితే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి, 7, 8 వేలు. కంప్రెసర్ పోతే 15 వేల మాట. ఎక్కడ కారుతోందో చూడకుండా ఏటా గ్యాస్ నింపించుకునేవాళ్లను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ డబ్బంతా గాలిలో కలిసిపోతోంది.

డీజిల్ కొనాలా, పెట్రోలు కొనాలా అని దాదాపు అందరూ అడుగుతారు. డీజిల్ స్విఫ్ట్‌లో ఉన్నది ఫియట్ రూపొందించిన మల్టీజెట్ ఇంజను. అదే ఇంజను మన దేశంలో మారుతి, టాటా, ఫియట్ బండ్లలో నడిచింది. దేశపు డీజిల్ ఇంజను అని దానికి పేరు. లాగుడు బాగుంటుంది, మైలేజీ బాగుంటుంది, బాగా చూసుకుంటే రెండు లక్షల కిలోమీటర్లు దాటినవి నా చేతి మీదుగా ఎన్నో వెళ్లాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే కొత్త కాలుష్య నిబంధన వచ్చాక ఆ ఇంజను ఆగిపోయింది. ఇప్పుడు బజారులో ఉన్నవన్నీ పాతవే.

లెక్క వేసి చూద్దాం. పెట్రోలు లీటరు 109, డీజిల్ 97 అనుకోండి. నెలకు 500 కిలోమీటర్లు తిరిగే మనిషికి పెట్రోలు బండి లీటరుకు 15 ఇస్తే నెలకు సుమారు 3,600 అవుతుంది. డీజిల్ బండి 19 ఇస్తే 2,550. మిగిలేది నెలకు వెయ్యి రూపాయల పైచిలుకు, ఏడాదికి దాదాపు పదమూడు వేలు. ఇప్పుడు రెండో వైపు చూడండి. టర్బో రీకండిషన్ చేయిస్తే 12 నుంచి 18 వేలు. ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు నాలుగు, ఒక్కొక్కటి బాగు చేయించడానికే వేలల్లో పడుతుంది. పొగలో కొంత మళ్లీ ఇంజనులోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టి మూసుకుపోతే శుభ్రం చేయించడానికి 2 వేలు. రోజూ రెండు కిలోమీటర్లు బడికి, రెండు కిలోమీటర్లు బజారుకు తిరిగే బండిలో ఆ మసి ఇంకా త్వరగా పేరుకుంటుంది, ఇంజను పూర్తిగా వేడెక్కే లోపే ఆపేస్తాం కాబట్టి. ఊళ్లో తిరిగేవాళ్లు పెట్రోలు తీసుకోండి. నెలకు 1,500 కిలోమీటర్లు హైవే మీద తిరిగే మెడికల్ రిప్రజెంటేటివులు, కాంట్రాక్టర్లు డీజిల్ తీసుకోండి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

డీజిల్ గురించే ఇంకో మాట. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఏళ్ల తరబడి ఆంక్షలు ఉంటూ వచ్చాయి. అక్కడ చవగ్గా కొని ఇక్కడికి తెచ్చి అమ్మే వ్యాపారం చాలా ఏళ్లుగా నడుస్తోంది. బండి బాగుండవచ్చు. అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం ఉందా, ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషను చేయించి లైఫ్ టాక్సు కట్టారా అన్నది చూడండి. "అదంతా మీరే చేయించుకోండి, అందుకే చవక" అంటే ఆ చవకదనం లైఫ్ టాక్సులోనే కరిగిపోతుంది.

ఇప్పుడు మన ఊరి సంగతి. చెప్పాలంటే కొంచెం కష్టంగానే ఉంది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగింది. సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. మీలో ఆ నీళ్లలో ఉన్నవాళ్లు కూడా ఉంటారు. వేల బండ్లు మునిగాయి. నీళ్లు తగ్గాక ఆటోనగర్ రోడ్ల మీద బురద కార్లు వరసలు కట్టాయి, రాత్రిళ్లు కూడా పని చేశాం. ఆ రోజుల్లో చాలామంది ఆత్రంగా తాళం తిప్పి చూశారు, బండి బతికే ఉందేమోనని. వాళ్లను తప్పు పట్టలేం, బండి మీద ప్రేమ. కాని సిలిండరులోకి నీళ్లు దిగిన ఇంజనును తిప్పితే నీరు కుదించుకోదు, పిస్టన్‌ను పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. తాళం తిప్పకుండా లాక్కొచ్చిన బండ్లు చాలా తక్కువ ఖర్చుతో బతికాయి.

మునిగిన బండ్లలో బీమా కంపెనీలు పూర్తి నష్టం కింద రాసేసినవి వేలానికి వెళ్లాయి. వేలంలో కొని, కడిగి, రంగు వేసి మళ్లీ బజారులో పెట్టేవాళ్లు ఉన్నారు. ఇది మన ఊళ్లోనే మొదలు కాలేదు. 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు, 2020 అక్టోబరులో హైదరాబాదు మునిగినప్పుడు కూడా ఇదే జరిగింది.

మా షెడ్డుకు ఒక ఉపాధ్యాయురాలు వచ్చారు. వరద తర్వాతి ఎండాకాలంలో ఒక చిన్న కారు కొన్నారు, 3 లక్షల 20 వేలకు. చూడటానికి అద్దంలా ఉంది, లోపల మంచి సెంటు వాసన. రెండు నెలలకు హారన్ తనంతట తాను మోగడం మొదలైంది. తర్వాత అద్దాలు దిగితే పైకి రావడం లేదు. తర్వాత నడుస్తూ నడుస్తూ ఇంజను ఆగిపోయేది, పదిహేను నిమిషాలకు మళ్లీ అదే స్టార్ట్ అయ్యేది. ముగ్గురు ఎలక్ట్రీషియన్లు చూశారట, ఒక్కొక్కరు ఒక్కో సామాను మార్చారు. నా దగ్గరికి వచ్చినప్పుడు నేను ఇంజను జోలికి పోలేదు. డ్రైవరు సీటు బెల్టును చివరిదాకా లాగాను. మామూలుగా ఎవరూ అంత దూరం లాగరు. చుట్ట చివర, పట్టీ మీద అడ్డంగా ఒక గీత. టీ ఒలికి ఆరిపోయిన మరకలా గోధుమ రంగులో ఉంది. ఆమెకు చూపించాను. "ఇది ఏమిటండీ?" అని అడిగారు. "అమ్మా, నీళ్లు ఇంతవరకు వచ్చాయి" అని చెప్పాను. ఆమె ఆ గీత మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయారు. తర్వాత సీటు విప్పి, తివాచీ ఎత్తితే దాని కింద మెత్తటి ఒండ్రు. ఇంజనును నడిపించే కంప్యూటరు పెట్టెకు వెళ్లే కనెక్టర్ల పిన్నులకు పచ్చటి చిలుము పట్టింది. వైరింగు, పెట్టె, సెన్సర్లతో 58 వేలు అయింది. ఆ డబ్బు పాప కాలేజీ ఫీజుకు దాచుకున్నది.

అందుకే అడుగుతున్నాను, బండి చూసేటప్పుడు సీటు బెల్టులు నాలుగూ చివరిదాకా లాగండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో వేళ్లతో తడమండి. సీటు కింద పట్టాల మీద తుప్పు చూడండి. లోపల సెంటు వాసన మరీ ఎక్కువగా ఉంటే దేన్ని కప్పిపెడుతున్నారో ఆలోచించండి. దీనికి మెకానిక్కు అక్కర్లేదు, మీ ఇంట్లో పదో తరగతి చదివే పిల్లవాడు కూడా చూడగలడు.

మీటరు వెనక్కి తిప్పడం ఇప్పుడు పది నిమిషాల పని. ల్యాప్‌టాప్ పెట్టి చేసేస్తున్నారు. అంకెను నమ్మకుండా వస్తువులను చూడండి. టైరు పక్కన నాలుగు అంకెల గుర్తు ఉంటుంది, 3519 అని ఉంటే 2019లో 35వ వారం తయారైంది. మీటరు 40 వేలు చూపిస్తూ, 2015 బండికి నాలుగు టైర్లూ 2022 నాటివి అయితే పాత టైర్లు ఎందుకు పోయాయని అడగండి. క్లచ్ పెడలు రబ్బరు అరిగి నునుపుగా ఉంటే 40 వేలు కాదు. అన్నిటికన్నా మంచిది, కంపెనీ సర్వీసు సెంటరులో బండి నంబరుతో పాత సర్వీసుల చిట్టా తీయించడం.

ఢీకొన్న బండిని పట్టుకోవడానికి తలుపు రబ్బరు కొంచెం లాగి లోపలి వెల్డింగు చుక్కలు చూడండి. కంపెనీలో పడిన చుక్కలు వరసగా, గుండ్రంగా ఉంటాయి. చేత్తో చేసినవి గుర్తుపట్టేయవచ్చు. ఎయిర్‌బ్యాగులున్న మోడలైతే తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి, కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. అసలు వెలగకపోతే లోపల బ్యాగు లేకపోవచ్చు, దీపం కనబడకుండా తీగ తెంపి ఉండవచ్చు. ఈ పని చేసేవాళ్లను నేను క్షమించలేను. డొక్కు క్లచ్ అంటగడితే డబ్బు పోతుంది, ఇక్కడ ప్రాణం పోతుంది. మనం మాట్లాడుకునే తరం స్విఫ్ట్‌లో కింది మోడళ్లకు ఎయిర్‌బ్యాగులు, గట్టిగా బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉండేవి కావు. డ్రైవరు ఎయిర్‌బ్యాగు అన్ని కార్లకూ తప్పనిసరి అయింది 2019 జులై నుంచే. అందుకే రంగు, అలాయ్ చక్రాలు, పాటల పెట్టె చూసి కాకుండా, ఓ ముప్పై వేలు ఎక్కువైనా ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్న పై మోడలు తీసుకోమని నేను పట్టుబట్టి చెబుతాను.

పెట్రోలులో ఇప్పుడు ఇరవై శాతం ఇథనాలు కలుస్తోంది. ఈ పాత బండ్లు దానికోసం తయారు చేసినవి కావు. కంగారు పడనవసరం లేదు, సర్వీసుకు ఇచ్చినప్పుడు పెట్రోలు పైపులు, రబ్బరు సీళ్లు చూడమనండి, పగుళ్లు ఉంటే కొన్ని వందలతో మార్చేయవచ్చు.

కాగితాల గురించి రెండు ముక్కలు. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఇద్దరూ వినాలి. ఆర్‌సీ పేరు మారేవరకు చట్టం దృష్టిలో యజమాని పాతవాడే. 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో ఇదే చెప్పింది. బండి అమ్మి, డబ్బు తీసుకుని, సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు బ్రోకరు చేతిలో పెట్టి మరిచిపోయినవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ బండి ఎక్కడో ప్రమాదం చేస్తే నోటీసు మీ ఇంటికే వస్తుంది. పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, 30 సమర్పించి, పేరు మారిన ఆర్‌సీ మీ కళ్లతో చూసేవరకు అమ్మకం పూర్తి కాలేదనుకోండి. కొనేవాళ్లు బీమా కూడా 14 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, అప్పు తీరిందని తెలిపే ఫారం 35 చేతికి రాకుండా అడ్వాన్సు కూడా ఇవ్వకండి. సొంత బండికి రిజిస్ట్రేషను 15 ఏళ్లు. 2011, 2012 బండ్లకు అది 2026, 2027లో ముగుస్తుంది. తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష పాసై, ఫీజు కట్టి అయిదేళ్లకు పొడిగించుకోవాలి, గ్రీన్ టాక్సు వేరే. పదమూడేళ్ల బండిని బేరం చేసేటప్పుడు ఇదంతా లెక్కలో ఉండాలి.

చివరగా షెడ్డులో ఎలా ఉండాలో. మార్చిన పాత సామాను చూపించమని అడగండి. అడిగితే మెకానిక్కు అనుమానిస్తున్నారనుకుంటాడేమోనని మొహమాటపడకండి, పని తెలిసినవాడు అడగకముందే చూపిస్తాడు. కొత్త సామాను పెట్టె, దాని బిల్లు తీసుకోండి. అన్నీ ఒకేరోజు చేయించవద్దు. మొదట బ్రేకులు, టైర్లు, కూలెంటు, ఆయిలు. తర్వాత నెల సస్పెన్షను. రంగు, సీటు కవర్లు ఎప్పుడైనా వేసుకోవచ్చు.

ఇప్పుడు బయటికి వెళదాం. ఆ తెల్ల స్విఫ్ట్ 2014 డీజిల్, లక్షా పదివేలు తిరిగింది. నిన్న రాత్రంతా మంచులో నిలబడింది. ఒకరు వెనక పొగ దగ్గర నిలబడండి. ఇద్దరు బోనెట్ దగ్గరికి రండి, ముందు చెయ్యి పెట్టి చూడండి. మిగతావాళ్లు దయచేసి మాట్లాడకుండా ఉండాలి, ఫోన్లు కూడా ఆపేయండి. నేను తాళం తిప్పుతాను. మొదటి మూడు సెకన్లు చెవి పెట్టి వినండి. ఏమి వినబడిందో మీరే నాకు చెప్పాలి.